పోపుల డబ్బాలో గోలీలు

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి. కీళ్లవాతానికి కొత్త మందు పరీక్షిస్తున్న గది. బల్లకు అవతల ఆ పరీక్ష కాగితాలు చూసే హదస్సా. ఇవతల సీతాఫల్‌మండి నుంచి వచ్చిన కల్పలత, రాజ్యం. బల్ల మీద మూత తీసిన రెండు మందు డబ్బాలు.

"మళ్ల అడుగుతున్న కల్పలతా. ఈ గోలీలకు పసుపెట్ల అంటింది?"

"చెప్పిన గద మేడమ్. వంటింట్ల పెట్టిన. జెర అంటింది."

"జెరనా? మూత తీస్తే ఇంగువ వాసన గుప్పుమంటుంది. సరే, నువ్వు వంటింట్ల పెట్టినవ్. మరి రాజ్యంగారి డబ్బాల సుత అదే పసుపు, అదే ఇంగువ. ఇద్దరి వంటిల్లు ఒకటేనా?"

"నేను కర్రీ పాయింట్ నడుపుకునేదాన్నండీ హదస్సాగారూ. తెల్లారి లేస్తే పసుపులోనే చేతులు. నన్ను ముట్టుకుంటే మీకూ అంటుద్ది."

"మిమ్మల్ని తర్వాత అడుగుత. కల్పలతా, నువ్వు చీరలకు ఫాల్ కుడ్తవ్. నీకు ఇంగువతోని ఏం పని?"

"పప్పుల వేసుకోమా ఏంది? ఇంగువ ఆంధ్రోళ్లదేనా?"

"మధ్యలో నన్నెందుకే లాగుతావు?"

"నవ్వకుండ్రి. నేను పై ఆఫీసుకు రాయాలె."

"రాయి, రాయి. ఏడేండ్ల సంది రాస్తనే ఉన్నరు గద నా కీళ్ల మీద. ఒకాయన యూరిక్ యాసిడ్ అని రాసిండు. ఒకాయన బరువు తగ్గుమని రాసిండు. ఇంకొకాయన మనసుల బుగులు పెట్టుకోకుమ్మా అని రాసిండు. అప్పటిదాంక నా వేళ్లు ఆగినయా?"

"మాట మార్చకు. పసుపు."

"చెప్పిన గద..."

"కలిపామండీ."

"అక్కా!"

"ఊరుకోవే. ఎంతసేపు దాస్తాం? మా పోపుల డబ్బాలో కలిపామండీ. మెంతుల గిన్నె ఖాళీ చేసి, రెండు డబ్బాల మందూ అందులో పోసి, బాగా కలిపి మళ్లీ చెరిసగం పంచుకున్నాం. మూడు నెలలుగా అంతే."

"మూడు... దేవా! ఎందుకు?"

"ఎందుకా? మొదటి రోజు నువ్వే చెప్పినవ్ మేడమ్. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త గోలీ, చూస్తే రెండూ ఒక్క తీరే ఉంటయ్, ఎవరికేదో నాకూ తెల్వదు, డాక్టర్‌కూ తెల్వదు అని. అన్నవా లేదా?"

"అన్న."

"గది విని ఆటోల పోయేటప్పుడు నేనూ అక్కా మాట్లాడుకున్నం. ఒకరికి అసలుది, ఒకరికి ఉత్తది వచ్చిందనుకో. ఒక్కటే గల్లీ. ఒకరు ఉరుకుతుంటె ఇంకొకరు గోడ పట్టుకొని చూస్తుండాల్నా? కలిపితే ఇద్దరికీ ఎంతో కొంత పడ్తది."

"కూర మిగిలితే పంచుకోమా ఏంటండీ? అట్లాగే అనుకున్నాం."

"కూర కాదు రాజ్యంగారూ! మందు పనిచేస్తదా లేదా తెల్వాలంటె ఎవరి గోలీ వాళ్లే తినాలె. ఇప్పుడు మీ నొప్పి తగ్గిందంటే ఏ గోలీతోని తగ్గింది? మీరు ప్రతి నెలా ఇచ్చిన జవాబులన్నీ పనికిరాకుండ పోయినయ్."

"పనికిరాలేదా? ఇటు చూడు మేడమ్. పిడికిలి పడుతుందా?"

"పడుతుంది."

"రెండేండ్లు నా జాకెట్టు హుక్కులు నా మొగడు పెట్టిండు. పొద్దున తొమ్మిదయినా చేతులు తెరుచుకోకపోయేది. నా జడ నేను వేసుకోలేకపోయిన. ఇప్పుడు సూదిల దారం ఎక్కిస్తున్న, అద్దాలు లేకుండ. నువ్వు పనికిరాలే అంటున్నవ్!"

"నేనూ అంతేనండీ. మోండా మార్కెట్ నుంచి కూరగాయల సంచి నేనే మోసుకొస్తున్నా. మళ్లీ గరిటె పట్టి నెలే అయింది, తెలుసా మీకు?"

"నాకు సంతోషమే. కాని కలిపిన్రని రాస్తే ఇద్దర్నీ ఇయ్యాల్నే తీసేస్తరు. డబ్బాలు ఇక్కడనే పెట్టి పోవాలె."

"తిట్టు మేడమ్. నాలుగు కొట్టు. గోలీ మాత్రం ఆపకు. మళ్ల ఆ చేతులతోని బతకమనకు."

"ఆపేది నేను కాదు."

"ఎవరు మరి? ఆయన్ని పిలువు. ఒక్కనాడు పొద్దుగాల వచ్చి మా ఇంట్ల కూసోమను. పళ్లు తోముకునే బ్రష్షు పట్టుకోనీకి నేను ఎట్ల ఏడ్చిన్నో చూడమను."

"గట్టిగ అరవకు. బయట జనం ఉన్నరు. ముందు ఈ నెల ప్రశ్నలన్న పూర్తి చేద్దాం. వాంతులు?"

"లేవు."

"దగ్గు?"

"లేదు."

"జ్వరం?"

"నాకా? నాకు లేదు."

"నోట్లె పుండ్లు?"

"నాకైతే లేవు."

"నాకైతే ఏంది? మరి ఎవరికి?"

"ఎవరికీ లేవు."

"రాజ్యంగారూ, మీకా?"

"నాకేం లేదండీ. శుభ్రంగా ఉన్నా."

"కల్పలతా, ఇటు చూడు. బయట బెంచీ మీద నీ బిడ్డ సింధూర స్వెటర్ వేసుకొని కూసుంది. ఏప్రిల్ నెలల."

"ఏసీ పడదు దానికి."

"ఏసీ లోపలుంది. బయట లేదు. సింధూరకు ఈ గోలీలు ఇస్తున్నవా?"

"పిల్లకా? ఛఛ, అదేంటండీ, పిల్లకెందుకిస్తుంది? చెప్పవే. ఇవ్వట్లేదని చెప్పవే కల్పా."

"నీది ముట్టలే అక్కా. నా వాటాలకెళ్లే. రోజు విడిచి రోజు నేను మానుకొని దానికి పెడ్తున్న."

"ఓసి నీ... నాతో ఒక్క మాటన్నా అనలేదేంటే?"

"అంటే పెట్టనిస్తవా?"

"అది చిన్నపిల్ల కల్పలతా! ఎవరన్న చెప్పిన్రా నీకు? ఈ మందు పద్దెనిమిదేండ్లు నిండినోళ్లకే అని మొదటి కాగితం మీదనే ఉన్నది!"

"రోగానికి చెప్పు మేడమ్ పద్దెనిమిది నిండనియ్యమని! నాకు ముప్పైల వచ్చింది. దానికి పదేండ్లకే వచ్చింది. మోకాళ్లు గుమ్మడికాయల లెక్క వాస్తయ్. పెన్సిల్ పట్టలేక పరీక్షల ఉత్త కాగితం ఇచ్చొచ్చింది. పిల్లల డాక్టర్ ఇచ్చిన గోలీ వేస్తే రెండు రోజులు వాంతులే. పిల్లలకు ఈ మందు ఎప్పుడు పెడ్తరని నిన్ను అడిగిన. యాదున్నదా?"

"యాదుంది."

"ఏమన్నవ్?"

"పెద్దోళ్ల పరీక్ష అయినంక అన్న."

"ఎన్నేండ్లకు అంటే?"

"మూడు, నాలుగేండ్లు పట్టొచ్చు అన్న."

"అప్పటికి దాని వేళ్లు వంకర పోతే, మందొచ్చినంక మళ్ల సక్కగయితయా?"

"...కావు."

"మరి నేనేం చెయ్యాలె? కూసోని చూడాల్నా? పెట్టిన. పెట్టినంక మెట్లు దిగింది మేడమ్. గోడ పట్టుకోకుండ దిగింది."

"జ్వరం ఎప్పటి సంది?"

"మొన్నటి సంది. నిన్న నోట్లె పుండ్లు లేసినయ్. అన్నం మింగుతలే."

"విను. ఈ మందు కీళ్లను తినే రోగాన్ని అణుస్తది. దాంతో పాటు జబ్బులతోని కొట్లాడే బలాన్ని సుత అణుస్తది. జ్వరమొస్తే గంట సుత ఆగొద్దని అందుకే కార్డు మీద ఎర్రగ రాసిచ్చిన."

"చదివిన. అందుకే తోల్కొచ్చిన. తోల్కొచ్చి భయపడ్డ. బయట కూసోబెట్టి లోపలికొచ్చిన."

"పిల్లల జ్వరాలు మామూలేనండీ. గల్లీ అంతా జ్వరాలే. కింద పిల్లల డాక్టర్ ఉన్నాడు కదా, జ్వరమని చూపిస్తే సరి. ఈ గోలీ సంగతి ఎత్తడమెందుకు?"

"ఆగు అక్కా. మేడమ్, ఎత్తకుంటే ఏమైతది?"

"మామూలు జ్వరమనుకొని మందు రాస్తడు."

"ఎత్తితే?"

"ఏ గోలీ తిన్నదో తెల్వాలంటడు. మీ ఇద్దరివీ కలిసినయ్ గనక ఇద్దరి కోడూ విప్పాలె. ఎవరికి అసలుది, ఎవరికి ఉత్తది బయట పడ్తది. కోడ్ విప్పితే మీరిద్దరు ఈ పరీక్షలకెళ్లి పోతరు. నేనూ నౌకరిలకెళ్లి పోత."

"నువ్వెందుకు పోతవ్?"

"పోయిన నెలనే పసుపు చూసిన. చూసి, ఎందుకొచ్చిన పంచాయితీ అని, అంతా సక్కగనే ఉన్నదని సంతకం పెట్టిన."

"ఓ..."

"కల్పలతా, నేనొకటి చెప్త. జ్వరమని నేనే చీటీ రాసిస్త. లైన్ల ఆపకుండ ముందు చూస్తరు. ఇక్కడ కాగితంల డబ్బాకు పసుపు అంటిందని మాత్రం రాస్త. పిల్లకు ఇయ్యాల్టి సంది గోలీ బంద్. నీకు మందు నడుస్తది."

"నా చేతులు గిట్లనే ఉంటయ్."

"ఉంటయ్."

"అక్కవి సుత."

"ఉంటయ్."

"దాని ఒంట్లె నేనేం పోసిన్నో కిందున్న డాక్టర్‌కు తెల్వది."

"తెల్వది."

"ఒక్క రెండు రోజులు చూడవే కల్పా. తగ్గితే ఎవరికీ గొడవ లేదు. మళ్లీ ఇలాంటి మందు మనకెవడిస్తాడే? నా మొహం చూడు. నీ చేతులు చూసుకో ఒక్కసారి."

"చూసుకుంటున్న అక్కా. పొద్దటి సంది వాటినే చూసుకుంటున్న."

"మరి?"

"నీకు కోపమొస్తది. రానియ్. మేడమ్, నా పేరు కొట్టెయ్. కింద రాయి: సింధూర, పదకొండేండ్లు. జ్వరం మొన్నటి సంది. ఈ గోలీలు తల్లే తినిపిచ్చిందని రాయి."