కళ్లజోడు పెట్టెలో దొరికిన మూత

చెప్పులు విప్పు. విప్పమంటున్నానా లేదా? రమ్మన్నది పదింటికి, ఇంకా తొమ్మిదైనా కాలేదు. రేవు ఆఫీసుకు కాళ్లు లేవు, ఎక్కడికీ పారిపోదు. తప్పు నాదేనని సంతకం పెట్టడానికి ఇంత తొందరపడే మనిషిని నిన్నే చూస్తున్నాను.

కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతోంది. ఇక్కడ, నా పక్కన. ఆ తీగల చుట్ట అటు జరుపు.

ముందే చెబుతున్నాను, నేను చెప్పేదాంట్లో వరస తప్పుతుందేమో. ఏది ముందో ఏది వెనకో ఈమధ్య కలిసిపోతోంది నాకు. నీకు తెలియనిదా? మొన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. నువ్వు గుటుక్కున మింగి "బాగుంది అత్తయ్యా" అన్నావు. ఎంత బాగుందో నీ మొహమే చెప్పింది.

బొంగురాయన బోటు సంగతే. ఇంకేముంటుంది ఈ ఇంట్లో మాట్లాడుకోవడానికి?

ఆయన అడిగిందేమిటి? లోతు చెప్పేది ఒకటి, దిక్కు చెప్పేది ఒకటి, ఇంజను వేడి చెప్పేది ఒకటి, ఎక్కడున్నామో చెప్పేది ఇంకొకటి. ఇన్నాళ్లూ మాటల్లేని తోడికోడళ్లలా ఎవరి తెర వాళ్లది. అన్నిటినీ ఒకే తీగ మీదికి తెచ్చి మాట కలపమన్నాడు. కలిపాం. బోటు ముందు కొస నుంచి వెనక కొస దాకా ఒక పెద్ద తీగ. మధ్యమధ్య మూడు నోళ్ల ముక్కలు. ఒక్కో ముక్క నుంచి ఒక్కో పరికరానికి చిన్న తీగ. పెద్ద తీగకి ఈ కొసన ఒక మూత, ఆ కొసన ఒక మూత.

పాఠం మళ్లీ మొదలెట్టిందనుకోకు. నీకు చెప్పడానికి నేనున్నాను. నాకెవరున్నారు? మీ మామయ్య కొట్లో సామాను పెట్టెలతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన నిఘంటువు. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. ఆ మూత ఉందే, దాన్ని చూస్తే ఎందుకూ పనికిరాదనిపిస్తుంది. వెలగదు, మోగదు. కానీ అది లేకపోతే తీగలో వెళ్లిన మాట కొసకి తగిలి తిరిగొచ్చి, వెనక వస్తున్న మాట మీద పడుతుంది. ఖాళీ గదిలో నలుగురూ ఒక్కసారే మాట్లాడినట్టు. రెండు మూతలూ ఉన్నాయో లేదో మీటరు చెబుతుంది. కరెంటు ఆపి కొలిస్తే అరవై ఓములు రావాలి. ఒకటి లేకపోతే నూట ఇరవై.

నువ్వు కొలిచావు. అరవై వచ్చింది. నాకు వినబడేలా పైకి చదివావు. చేతులు కడుక్కుని ఇంటికొచ్చేశావు. నీ పని అక్కడితో సరి.

నువ్వు వెళ్లాక నాకు అనుమానం పట్టుకుంది. ముందు కొస మూత పట్టుబట్టి పెట్టింది నేను కదా. పెట్టానా? సరైనదే పెట్టానా? వేరేదైతే అసలు ఎక్కదు, ఆ సంగతీ తెలుసు. అరవై వచ్చిందనీ తెలుసు. అయినా సరే! తాళం వేసి నాలుగిళ్లు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసే మనిషిని. కిందికి దిగి, వంగి, మూత తిప్పి ఊడదీసి, కళ్లజోడు పెట్టుకుని లోపలికి చూశాను. సూదులన్నీ శుభ్రంగా ఉన్నాయి. అంతలో పైనుంచి బొంగురాయన కేక, "పెద్దమ్మా, తాళం వేసేస్తున్నా! చేపలతో పాటు నువ్వూ లోపలే ఉంటావా?" అని. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టాను. పెట్టె సంచిలో పడేశాను. మెట్లెక్కి వచ్చేశాను.

అవునమ్మా. మరిచిపోయానేమోనన్న భయంతో వెళ్లి మరీ మరిచిపోయాను. నవ్వొస్తే నవ్వు. రాదా?

గట్టున ఉన్నంతసేపూ అన్నీ వెలిగాయి. ఒక కొస మూత లేకపోయినా తీగ కాసేపు ఓర్చుకుంటుంది. తెల్లారి సముద్రంలోకి వెళ్లాక, పొగమంచులో, రేవు నోటి దగ్గర, అన్నీ ఒకేసారి మాట్లాడడం మొదలెట్టాక ఇక ఓర్చుకోలేదు. లోతు చూపించే తెర మీద అంకెలు పోయి గీతలు మిగిలాయి. బోటు వెళ్లి రాళ్ల కట్టకి కొట్టుకుంది. బొంగురాయన చక్రం మీద పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో నర్సుల మీద అరుస్తూనే ఉన్నాడనుకో, ఆ బొంగురు గొంతుకేం కాలేదు. కానీ మనిషి పోవలసినవాడే. ఇంకో రెండు బారలు అటైతే పోయేవాడే.

తర్వాత రేవు ఆఫీసు నుంచి తనిఖీ ఆయన వచ్చాడు. మీటరు పెట్టాడు, అరవై. అన్నీ వెలిగించాడు, అన్నీ మాట్లాడాయి. "తీగ మంచిదే, పరికరాలూ మంచివే. ఇక మిగిలింది చేసిన చెయ్యి" అన్నాడు. "చివరగా తీగ ముట్టుకుందెవరు?" అని అడిగాడు. "మా కోడలు" అన్నాను. నీళ్లయినా నమల్లేదు, టక్కున అనేశాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టె తెరుద్దును కదా...

ఏమిటలా చూస్తావు?

అరవై ఎలా వచ్చిందంటావు. మూత నా సంచిలో ఉంటే తనిఖీ ఆయన మీటరు మీద అరవై ఎలా వచ్చిందీ అంటావు. అదేగా?

నీకు నేర్పింది నేనే. నీ దగ్గర దాగుతుందనుకోవడం నా బుద్ధిలేనితనం.

సరే. వరస తప్పింది. కాదు, తప్పలేదు. తప్పించాను. ముసలితనం పేరు చెప్పి ఆ ఒక్కటీ వెనక్కి నెట్టేద్దామనుకున్నాను.

పెట్టె తెరిచింది ముందు. బోటుని లాక్కొచ్చి కట్టిన మర్నాడు పొద్దున్నే. కళ్లజోడు తీస్తే దాని కింద మూత. బొటనవేలంత లేదు. తేలు కుట్టిన దొంగలా కుయ్యిమనకుండా లేచి రేవుకి వెళ్లాను. "ఏం మరిచిపోయావు పెద్దమ్మా?" అన్నాడు కాపలా ఆయన. "గొడుగు" అన్నాను. కిందికి దిగాను, మూత దాని చోట బిగించాను. రోజూ దారం ఎక్కించడానికి వణికే చెయ్యి, ఆ పూట ఇంత కూడా వణకలేదు. ఎంత సిగ్గులేని చెయ్యో చూడు.

తనిఖీ ఆయన వచ్చింది మధ్యాహ్నం. అంటే "మా కోడలు" అన్నప్పుడు నాకన్నీ తెలుసు.

అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అంటారే, నేనింకో మెట్టు దిగాను. నా కుండ కూడా నీ చేతిలోనే పెట్టాను.

ఎందుకంటే ఏం చెప్పను? మా అక్కని చూశావు కదా. గరిటె పట్టుకుని ఇదేమిటే అని అడిగేది. ముందు ఆమె చేతిలో కత్తెర తీసేశారు. తర్వాత పొయ్యి దగ్గరికి రావద్దన్నారు. తర్వాత తాళంచెవులు. ఆఖరికి మంచం మిగిలింది. నా చేతిలో మీటరు తీసేస్తారని భయమేసింది. అది తీసేస్తే నేనెవర్ని?

అది సగమే. మిగతా సగం చెబితే నువ్వు లేచి వెళ్లిపోతావు. వెళ్లినా సరే. ఆ తనిఖీ ఆయన నీ పేరు రాసుకుంటుంటే ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు హాయిగా అనిపించింది. ఆహా, వయసులో ఉన్నవాళ్లూ పొరపడతారన్నమాట అని. పొరపడలేదని తెలిసీ.

నువ్వేం చేశావు? మొత్తం పని మనసులోనే విప్పి మళ్లీ మళ్లీ బిగించావు. ఏనాడూ కాగితం ముట్టనిదానివి అన్నం తింటూ కూడా రాసుకోవడం మొదలెట్టావు. గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు వెళ్లి చూస్తున్నావు, నాలాగే. ఈ గుమ్మంలోనే నిలబడి అడిగావు, "అత్తయ్యా, నేను నిజంగా అరవై చూశానా, చూశాననుకున్నానా?" అని. నేనేమన్నాను? "ఏమో తల్లీ, నాకేం గుర్తుంటుంది" అన్నాను.

వాడేమో, మీ ఆయన, "అమ్మ అన్నీ రాసుకుంటుంది, అమ్మ పొరపడదు" అన్నాడు. నీ కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాను. కుక్కిన పేనులా కూర్చున్నాను.

నువ్వు అరవై చూశావు. విన్నావా? చూశావు. నీ బుర్రకేం కాలేదు.

అన్నీ రాసుకుంటానా? ఇదిగో నా పుస్తకం. మూత దొరికిన రోజు పేజీ ఖాళీ. రాయకపోతే మరిచిపోతానని ఆశపడ్డాను. మరుపంటే ఇంత భయపడేదాన్ని, అది ఒక్కటీ మరిచిపోతే చాలు దేవుడా అనుకున్నాను. ఉప్పు మరిచిపోతాను, మందు మరిచిపోతాను, ఇది మాత్రం కూర్చున్నా లేచినా కళ్లముందే.

ఏడవకే. తిట్టు, పడతాను.

ఇది ఉత్తరం. రేవు ఆఫీసుకి. మూడుసార్లు తిరగరాశాను. వరస సరిగ్గానే వచ్చిందనుకుంటాను, పెట్టె ముందు, తనిఖీ ఆయన వెనక. అక్షరాలు కొంచెం వంకర పోయి ఉంటాయి. కళ్లజోడు లేకుండా రాశాను. ఆ రోజు నుంచి ఆ పెట్టె తెరవబుద్ధి కావడం లేదు.

చదువు. చదివాక చెప్పులు వేసుకో, నేనూ వస్తాను. ఒక్క పేర్లు మాత్రం జాగ్రత్తగా చూసిపెట్టు తల్లీ. నా పేరు ఉండాల్సిన చోట ఎక్కడైనా నీ పేరు పడిందేమో. ఇన్నాళ్లూ చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది, చేతికీ అయి ఉంటుంది. కనబడితే వేలు పెట్టి చూపించు. కొట్టేయడం మాత్రం నేనే కొట్టేస్తాను.