సవతిని చూడ్డానికి వచ్చారు

అదిగో, మళ్ళీ ఆ కారు ముందు దీపాలే నిమురుతున్నారు! వచ్చిన ప్రతివాళ్ళూ అంతే బాబూ, ముందు వాటి మీదే చెయ్యేస్తారు. గిన్నెల్లా గుండ్రంగా మెరుస్తున్నాయి కదా అని మురిసిపోతారు. ఆ మెరుపు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? మెత్తగా ఉన్న నా పాత బట్టలన్నీ చింపి తుడిస్తే వచ్చింది. ఇంట్లో గిన్నెలు మాత్రం అలా మెరవవు.

మావారు లేరు. మందుల షాపుకి వెళ్ళారు. మందులేం అయిపోలేదు లెండి. కారు కొనడానికి మీరొస్తున్నారని తెలిసి, పరాయి మనిషి దాన్ని తడుముతుంటే చూడలేక వెళ్ళారు. "నువ్వే చూపించు, నీకెలాగూ అదంటే గిట్టదుగా" అన్నారు. విన్నారా ఆ మాట?

నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. తర్వాత నన్ను తిట్టుకోకూడదు.

ఇది పంతొమ్మిది వందల ముప్పై ఒకటో సంవత్సరం మోడలు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ఎవరి ఊహలోనూ లేనప్పుడు అమెరికాలో పుట్టింది. మావారు చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు ఈ ముక్కే అందిస్తారు. కాఫీ చల్లారిపోతుంది గానీ ముక్క చల్లారదు.

కొన్నప్పుడు ఇది కారేం కాదు, తుప్పు! మూతపడ్డ మిల్లు వెనక షెడ్డులో పడుంది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నేనేమో కొత్త ఫ్రిజ్ వస్తుందని వంటగదిలో మూల ఖాళీ చేసి కూర్చున్నాను. ఆయన కోళ్ళని దింపి, దీన్ని లారీ ఎక్కించుకుని వచ్చారు. వచ్చి గేటు దగ్గర నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగారు. సవతిని తెచ్చి వాకిట్లో నిలబెట్టి ఎలా ఉందంటే ఏం చెప్తాం బాబూ?

ఆ రోజు నుంచి దీని పేరు అదే. సవతి. మా అమ్మాయి చిన్నప్పుడు బళ్ళో, "మా ఇంట్లో అమ్మ, నాన్న, నేను, సవతి ఉంటాం" అని చెప్పొచ్చింది. టీచరు నన్ను పిలిపించి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. ఎంత జాలిగా చూసిందో! అది కారమ్మా అని చెప్పినా నమ్మలేదు. పాపం, మతి కూడా పోయిందనుకుంది.

నవ్వండి, నవ్వండి. కొన్నాక తెలుస్తుంది.

బ్రేకులు చూశారా? తొక్కాక బండి ఆగుతుంది, కాదనను. కాకపోతే ఆగాలా వద్దా అని కాసేపు ఆలోచించుకుని ఆగుతుంది. ముందు వీధి మలుపు కనపడగానే ఇక్కడ తొక్కడం మొదలుపెట్టాలి.

వానలో ఎత్తు ఎక్కుతుంటే వైపర్లు నిలబడిపోతాయి. అవునండీ, నిజం! ఇంజను పీల్చే గాలితో ఆడతాయవి. ఎత్తు మీద దాని ఊపిరి దానికే చాలదు, ఇక వైపర్లకేం పెడుతుంది? అప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు ఓ క్షణం తియ్యాలి. టక్కున ఓ ఊపు ఊపుతాయి, అద్దంలోంచి రోడ్డు కనపడుతుంది, మళ్ళీ తొక్కెయ్యాలి. చినుకు మొహాన కొడుతూ ఉంటుంది, భలే ఉంటుంది...

ఆఁ? నాకెలా తెలుసంటే... పక్కన కూర్చుంటాను కదా. చూడనా ఏంటి?

ఇక గేర్లంటారా, రామ రామ! క్లచ్చు రెండేసి సార్లు తొక్కాలి. కింది గేరుకి దింపేటప్పుడు మధ్యలో కాస్త రేసు ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో ఎవరూ చెప్పలేరు, చెవికి తెలియాలి. ఇంజను గొంతు సరిగ్గా కుదిరిందంటే గేరు దానంతటదే వెన్నలోకి చెంచా దిగినట్టు దిగిపోతుంది. అరచేతికి తెలుస్తుంది బాబూ, ఒళ్ళు పులకరిస్తుంది.

అని మావారు అంటుంటారు.

ఎందుకమ్ముతున్నామా? ఆయన ఎడమ మోకాలు మొండికేసింది. ఆపరేషనైంది. క్లచ్చు మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఈ బానెట్ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగి, "నడిపేవాళ్ళు లేని బండి ఇంట్లో ఎందుకు? అమ్మేద్దాం, నీకూ పీడ వదుల్తుంది" అన్నారు.

నడిపేవాళ్ళు లేరట! నా మొహం చూస్తూనే అన్నారు.

పోనివ్వండి. మీకు కాఫీ తెస్తానుండండి, తాగి బయల్దేరుదురు గానీ. ఏంటీ, స్టార్ట్ చేసి చూపించాలా? వద్దు బాబూ, అది స్టార్టవదు. ఊరికే ముక్కుతుంది, మూలుగుతుంది, మీకు మనసు విరిగిపోతుంది. సరే, మీ ఇష్టం, చూడాలంటే చూడండి. తలుపు తియ్యండి, ఎక్కుతాను.

ఇదిగో, గేరు న్యూట్రల్‌లో ఉంది. స్టీరింగు కింద ఈ చిన్న లివరు ఇలా కిందికి లాగి... ఇప్పుడు కాలి కింద ఈ స్టార్టరు మీట తొక్కుతాను, చూడండి మీ ముచ్చట...

అయ్యయ్యో! విన్నారా, ఎలా తన్నుకుందో? అమ్మ తల్లీ, ఏం కాలేదే, ఏం కాలేదు!

లేదు బాబూ, బండిది తప్పు కాదు. ఇంజనుకి నిప్పు ఎప్పుడు అందాలో చెప్పే లివరది, పైకి నెట్టి స్టార్ట్ చెయ్యాలి. నేను కావాలనే కిందికి లాగాను. ఆ చప్పుడు వింటే మీరు హడలిపోయి, ఓ దణ్ణం పెట్టి వెళ్ళిపోతారనుకున్నాను. ఇంకో రెండుసార్లు అలాగే చేద్దామనుకున్నాను కూడా. నా వల్ల కాదు. దాన్నలా మూలగనిచ్చి నేను తట్టుకోలేను.

ఇటు చూడండి. లివరు పైకి. చోకు ఇంత, చిటికెడు. ఇప్పుడు తొక్కుతున్నా...

అదీ! అందుకుంది చూశారా! ఇప్పుడు లివరు మెల్లిగా కిందికి తెస్తే... ఆఁ... వినండి. తిండి తిన్న పిల్లి గుర్రుమన్నట్టు లేదూ? సీటు మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టండి, తొణికితే నన్నడగండి.

అవును. నడుపుతాను. ఇంకా దాచేదేముంది?

వాడకుండా పడేస్తే బ్యాటరీ చచ్చిపోతుందని, అప్పుడప్పుడు వచ్చి తిప్పమని ఆయన మెకానిక్కి చెప్పారు. ఆ మెకానిక్కుని నేను రావద్దన్నాను. ఆయన మోకాలి వ్యాయామాలకని ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా నేనే తీశాను. మొదట గేటు దాకా. తర్వాత వీధి చివరి దాకా. తర్వాత నీళ్ళ ట్యాంకు ఎత్తు మీదికి, వానలో! ఎవరు నేర్పాలి? ఇన్నేళ్ళు ఆ పక్క సీట్లో కూర్చుని రోడ్డు చూశాననుకున్నారా? ఆయన కాళ్ళే చూశాను. లైసెన్సు ఉంది లెండి, మా అమ్మాయి చిన్న కారు కోసం ఎప్పుడో తీసుకున్నాను.

మావారికి చెప్పొచ్చు కదా అంటారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? చుట్టాల ముందు, పక్కింటివాళ్ళ ముందు సవతీ సవతీ అని ఆడిపోసుకుని, ఇప్పుడు అమ్మొద్దని కాళ్ళావేళ్ళా పడాలా? అదీగాక, ఆయన నన్నడగాలి బాబూ. నువ్వు నడుపుతావా అని ఒక్కసారి. కూరేం చెయ్యమంటారో నేను రోజూ అడగనూ? అడగలేదు. నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

అందుకని మీరో ఉపకారం చెయ్యండి. నచ్చలేదని చెప్పి వెళ్ళిపోండి. బ్రేకులు బాగాలేవనండి, రంగు బాగాలేదనండి. ఏంటా తల అడ్డంగా ఊపడం? ఈ చప్పుడు విన్నాక వదల్లేరా? నా చేతులారా నేనే... ఈ పాడు లివరు పైకి నెట్టకపోయినా బాగుండేది!

ఉండండి, గేటు చప్పుడైంది.

ఏమండీ, అప్పుడే వచ్చేశారా? అలా చూడకండి. అవును, నేనే స్టార్ట్ చేశాను. నడపడం కూడా వచ్చు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. మొన్న ఆస్పత్రి నుంచి ఫోను చేసి, వెనక చప్పుడు విని, "మెకానిక్ చెయ్యి పడ్డాక ఇంజను ఎంత నున్నగా పలుకుతోందో" అని మురిసిపోయారే, ఆ చెయ్యి నాదే.

ఇప్పుడు కళ్ళు తుడుచుకోవడం ఎందుకు, పరాయి మనిషి ముందు? ఎక్కండి. ఇటు కాదు, ఇటు నేనున్నాను. చుట్టూ తిరిగి ఆ పక్కకి వెళ్ళండి. మోకాలు జాగ్రత్త. గేరు మార్చేటప్పుడు పక్క నుంచి సలహా ఇచ్చారంటే మధ్యలో దింపేస్తాను.

మీరేంటి బాబూ అలా నిలబడ్డారు? వెనక సీట్లో కూర్చోండి, బస్టాండులో దింపుతాం. అమ్మకం సంగతా? నాకేం తెలుసు, ఆయన్నే అడగండి.

ఏమండీ, ఏమన్నారు? ఇంజను చప్పుడులో వినపడలేదు. కాస్త గట్టిగా చెప్పండి.

"ఆవిణ్ణి అడగండి, బండి ఆవిడది" అన్నారా?

మొదటిసారే వినపడింది లెండి బాబూ. ఇంకోసారి వినాలనిపించింది.