చిటారుకొమ్మన ఒక్క పండు

మూడు రోజుల సెలవులకి టోక్యో నుంచి వచ్చిన ఆలుమగల కారు నగానో కొండదారి దిగుతోంది. అతనికి వెనక అద్దంలోకి చూడాలంటే మొహం చెల్లడం లేదు.

“ఆ చెట్టున్న ఇంటి ముసలావిడ మనల్ని సాగనంపుతూ ఇంకా వంగి దణ్ణం పెడుతూనే ఉంది,” అంది భార్య వెనక్కి తిరిగి చూస్తూ.

“చెప్పకు.”

“చెట్టంతా కోసి చిటారుకొమ్మన ఒక్క పెర్సిమన్ పండు ఉంచారంటే, అది పిట్టల వాటా అని తెలీదూ?”

“మర్చిపోయారనుకున్నా.”

“ఆవిడ కళ్ళముందే కోసుకుని కొరికావు! ఒక్క ముక్క, క్షమించమనలేకపోయావా?”

“ఆ పండు ఎంత వగరనుకున్నావ్! నాలుక పిడచకట్టుకుపోయింది. మాట పెగిలితేగా?”

“మరి, ‘ఆకలేస్తోందా నాయనా?’ అని ఆవిడడిగితే, ‘అవునమ్మా’ అనడానికి నోరెలా వచ్చింది?”

ఆమె ఒళ్ళో, ఆవిడిచ్చిన అన్నం ముద్దలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.