గడ్డి అంటని బండి

"తుఫానూ! ఓయ్ తుఫానూ! ఎక్కడున్నావయ్యా, మేనేజరు గారొచ్చి కూర్చున్నారు!"

టీకొట్టు అత్త గొంతు వానని చీల్చుకుంటూ షెడ్డు దాకా పోయింది. నెత్తిన గోనెపట్టా కప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చాడు తుఫాను. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మా ఆటల మైదానంలో గడ్డి కోసే బండ్లు రెండున్నాయి, ట్రాక్టరుకి తమ్ముళ్ళలా ఉంటాయి, ఎక్కి కూర్చుని తోలేవి. ఒకటి తుఫానుది. రెండోది పొదుపుది. మాటలు మరీ పొదుపుగా వాడుతుందని ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టారు. తను అప్పటికే బల్ల చివర కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, టీ మీద లేచే ఆవిరి వంక చూస్తోంది.

వాన పడితే మాకు పని ఉండదు. తడి గడ్డి కోస్తే బండి కింద ముద్దలు కడుతుంది. అందుకే ఆ మధ్యాహ్నం మెకానిక్కు, గేటు బాబాయి, మేమూ అంతా కొట్టు రేకుల కింద చేరాం. పొద్దున కోసిన గడ్డి వానలో తడిసి ఎంత బాగా వాసనొస్తోందంటే, దాన్ని ఉత్తరంలో మడిచి ఎవరికైనా పంపించాలనిపించింది.

మేనేజరు గారు ఎందుకొచ్చారో అందరికీ తెలుసు. ఊరికి ఆ చివర, కొండ పక్కన, కొత్త మైదానం తయారైంది. దానికో పెద్ద బండి కొన్నారు. సీటు మీద గొడుగు కూడా ఉందట. దాన్ని తోలడానికి ఇక్కణ్ణుంచి ఒకర్ని పంపాలి. ఆ గొడుగు సంగతి విన్నప్పటి నుంచీ తుఫానుకి నిద్ర లేదు.

"బండిని బాగా చూసుకునేవాళ్ళకే ఆ సీటు," అన్నారు మేనేజరు గారు తుఫాను వైపు తిరిగి. "పొద్దున కోత మొదలవకముందే వచ్చి రెండు బండ్లూ వంగి చూశాను. నీ బండి డెక్కు కింద ఒక్క గడ్డిపరక లేదు. ఏం చేస్తున్నావయ్యా?"

అడక్కపోయినా చెప్పే మనిషిని పట్టుకుని అడిగారు. గేటు బాబాయి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఇప్పట్లో లేచే పని లేదని.

"చెప్తాను సార్, గట్టిగా పట్టుకు కూర్చోండి," అని మొదలెట్టాడు తుఫాను. "డెక్కంటే ఏముంది? బోర్లించిన మూకుడు. దాని కింద బ్లేళ్ళు గిరగిరా తిరుగుతాయి, గడ్డి తెగుతుంది, తెగిన గడ్డి పక్కనున్న కంతలోంచి బయటికి పోవాలి. పోతుందా? పోదు. చెమ్మ ఉంటే చాలు, వెళ్ళి పైరేకుకి అతుక్కుంటుంది, దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి, అలా అలా పరుపులా పేరుకుపోయి బ్లేడుకి ఊపిరాడదు, రేకు తుప్పు పడుతుంది, మైదానం చూస్తే మేక కొరికినట్టుంటుంది. అందుకని లోకంలో అందరూ ఏం చేస్తారు? బండి పైకెత్తి చెక్కతో గీకుతారు, నీళ్ళు కొడతారు. నేను గీకను సార్. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడు గీకలేదు. నా దగ్గర మందుంది."

"ఏం మందు?"

"తలనూనె."

మెకానిక్కుకి పొలమారింది. అత్త వెళ్ళి వీపు మీద తట్టింది.

"దగ్గు అన్నా, దగ్గు. గొప్ప సంగతి విన్నప్పుడు మొదట అలాగే ఉంటుంది. ఒకరోజు పొద్దున తల దువ్వుకుంటున్నాను సార్. నూనె బాగా పట్టించిన తల మీద దువ్వెన పెట్టానో లేదో, సర్రున జారి కిటికీలోంచి వీధిలో పడింది. అప్పుడు బుర్రలో వెలిగింది. దువ్వెన నిలవని చోట గడ్డేం నిలుస్తుంది? అదే సీసా పట్టుకొచ్చి, బండి కింద దూరి, డెక్కు లోపలంతా దట్టంగా పట్టించాను, చిన్నప్పుడు మా అమ్మ నాకు పట్టించినట్టు. రోజంతా కోశాను. సాయంత్రం తాళం వేసి ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున వంగి చూద్దును కదా, తళతళా నా మొహం కనపడుతోంది! ఇప్పటికీ అంతే. పొద్దున చూస్తాను, ఓ పూత పూస్తాను, కోస్తాను, పోతాను. ఇదంతా మామూలు సంగతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు. వద్దంటే ఆగేవాడివా?" అంది అత్త.

"ఆ నునుపుకి గడ్డి లోపల నిలవలేక, కంతలోంచి తుపాకీ గుండులా బయటికి రావడం మొదలెట్టింది. ఒకసారి బండి గేటు వైపు తిప్పాను, బాబాయి టోపీ ఊడి, అందులో గడ్డి నిండి, మళ్ళీ తల మీదే కూర్చుంది. ఏం బాబాయ్?"

"నాకు తెలీకుండానా?" అన్నాడు బాబాయి, టోపీలోకి తొంగి చూసుకుంటూ.

"నువ్వు కునుకు తీస్తున్నావులే. సరే, అడ్డు లేదు కదా, బ్లేళ్ళు ఎంత వేగంగా తిరిగాయంటే, కింద గాలి పుట్టింది. ఆ గాలికి గోడవతల హాస్టల్లో ఆరేసిన దుప్పట్లన్నీ ఒక్క పెట్టున ఆరిపోయాయి. ఆ కబురు ఊరంతా పాకింది సార్. మర్నాటి నుంచి నేను మైదానానికి రావడం ఆలస్యం, తడిబట్టల బుట్టలు పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరేవారు. 'బాబ్బాబు, ఇటోసారి తిప్పు నాయనా' అని ఒకటే బతిమాలడం. ఒకావిడ అయితే వాళ్ళాయన్నే తలస్నానం చేయించి తీసుకొచ్చి నిలబెట్టింది."

మేం పగలబడి నవ్వాం. పొదుపు నవ్వలేదు. టీ చల్లారిపోతున్నా తాగడం లేదు. అత్త ఒకసారి ఆ అమ్మాయి వంక, ఒకసారి తుఫాను వంక చూసి, ఏదో అనబోయి, పొయ్యి మీద పాలు చూసుకుంది.

"ఊరికే నవ్వడం కాదు," తుఫాను బల్ల మీంచి లేచాడు. "ఆ నూనె తుంపరలు గడ్డి మీద పడి మైదానం మైదానమే నున్నగా అయిపోయింది. బంతి తన్నడమెందుకు, గట్టిగా చూస్తే చాలు, ఈ గోలు నుంచి ఆ గోలుకి పోయేది. ఓ పరుగుల కుర్రాడు పోటీ ముందు సాధనకని వచ్చాడు. మొదలైతే పెట్టాడు కానీ ఆగడం చేతకాలేదు పాపం. జారుతూ తిరుగుతూనే ఉన్నాడు. వాళ్ళమ్మ మలుపు దగ్గర నిలబడి వచ్చినప్పుడల్లా ఓ ముద్ద నోట్లో పెట్టేది. ఆవల నుంచి వచ్చేటప్పటికి నమిలేసేవాడు."

"మంచినీళ్ళో?" అని మెకానిక్కు అడిగాడు.

"వానొచ్చినప్పుడు నోరు తెరిచేవాడు. నువ్వు అన్నీ అడుగుతావేంటన్నా, కథ ఎక్కడుందో చూడు. ఇంతవరకూ నేల మీదే ఉన్నాం."

"ఇంకా ఎక్కడికి పోతావురా?" అన్నాడు బాబాయి.

"పైకి! నిన్న పూత కాస్త ఎక్కువైంది. సీసాలో అడుగున మిగిలింది పారబోయలేక అంతా పట్టించాను. బండి స్టార్టు చేశాను. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. ఎందుకు కదలదు? భూమికి దాన్ని పట్టుకోవడానికి పట్టు చిక్కడం లేదు! నేలే జారిపోతోంది. ఇంక చేసేదేముంది, బండి మెల్లగా పైకి లేచింది. కొట్టు రేకులు దాటాను, హాస్టలు దాటాను, నీళ్ళ ట్యాంకు మీద కాకి నన్ను చూసి పక్కకి జరిగింది. ఇంకా పైకి. తీరా చూస్తే ఎదురుగా మేఘం. నల్లగా, ఒత్తుగా, చాన్నాళ్ళుగా ఎవరూ కోయని గడ్డిలా ఉంది. పని చేసే చెయ్యి ఊరుకుంటుందా సార్? బ్లేళ్ళు వేసి, డెక్కు కాస్త ఎత్తులో పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి వరసలు వరసలుగా కోసుకుంటూ పోయాను. మేఘమంటే ఏమనుకున్నారు? తడి గడ్డి కంటే జిగురు. ఇంకొకరైతే మధ్యలో బండి ఆగిపోయి దబ్బున కింద పడేవాళ్ళు. నా డెక్కు కింద చుక్క అంటితే ఒట్టు! ఈ పడుతున్న వాన ఎక్కడిదనుకుంటున్నారు? నిన్న నేను కోసిందే. కంతలోంచి రాలడానికి ఇంత సేపు పట్టింది."

వాన రేకుల మీద ధన్‌ధన్‌మని కొట్టింది. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం మేమందరం తలలెత్తి చూశాం.

"మరి కిందికెలా దిగావ్?"

"అత్త టీకి కేకేసింది. దిగాను. అంతే."

మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ మేఘాల సంగతి నువ్వూ, మీ అత్తా చూసుకోండి. నాకు కావలసింది డెక్కు. నా కళ్ళతో నేను చూశాను, అద్దంలా ఉంది. కొత్త బండి ఖరీదైంది, కింద గడ్డి పేరుకుని పాడైపోతే నా మెడకి చుట్టుకుంటుంది. రేపటి నుంచి నువ్వు కొండ పక్క మైదానానికి వెళ్ళు. ఆ సీటు నీదే."

తుఫాను మొహం వెలిగిపోయింది. "గొడుగు కిందే కూర్చుంటాను సార్, మీ పేరు నిలబెడతాను!"

"నూనె వల్ల కాదు సార్."

ఎవరన్నారో మొదట తెలీలేదు. ఆ గొంతు అంత అరుదు. పొదుపు గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"తలనూనె జిడ్డు సార్. దుమ్ము పడితే బంకవుతుంది. నా బండికంటే అతని బండికే రెట్టింపు గడ్డి అంటుకుంటుంది. అతను సాయంత్రం తాళం వేసి ఈల వేసుకుంటూ పోతాడు. ఆ తర్వాత నేను జాకీ పెట్టి ఎత్తి, చెక్కతో గీకి, సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి వెళ్తాను."

"ఎప్పట్నుంచి?" అన్నారు మేనేజరు గారు.

"దువ్వెన కిటికీలోంచి పడ్డ రోజు సాయంత్రం నుంచి."

"అబద్ధం!" అన్నాడు తుఫాను. కానీ ఆ మాట గాలి తీసిన టైరులా వచ్చింది. అతను మెకానిక్కు వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చెప్పు. నేను పూసిన నూనె... రోజూ నా కళ్ళతో చూశాను కదా..."

మెకానిక్కు నేల చూపులు చూశాడు. "జాకీ నాదేరా తమ్ముడూ. ఎవరితోనూ అనొద్దని మాట తీసుకుంది."

తుఫాను బల్ల మీద కూలబడ్డాడు. నవ్వాలనుకున్నవాళ్ళం కూడా నవ్వలేకపోయాం. ఎందుకంటే మేఘాల సంగతి అతను కల్పించాడు కానీ, నూనె సంగతి మనస్ఫూర్తిగా నమ్మాడు.

మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. "అంటే రెండు బండ్లూ నువ్వే చూస్తున్నావన్నమాట. అయితే ఆ సీటు నీదమ్మా. రేపు నువ్వే వెళ్ళు."

"నాకొద్దు సార్."

"ఇదేంటి? నీకు సీటొద్దు. అతనికి వస్తుంటే రానివ్వవు. ఊరుకుని ఉంటే అతను వెళ్ళిపోయేవాడు, నీకు ఈ గీకుడు బాధ తప్పేది కదా!"

"అతను అక్కడికి వెళ్తే వారం తిరక్కుండా డెక్కు నిండిపోతుంది సార్. అందరిలో మాట పడతాడు. అక్కడ గీకేవాళ్ళెవరుంటారు?"

"పడితే పడతాడు, నీకెందుకు? ఇక్కడైనా మొదటిరోజే చెప్పెయ్యొచ్చుగా, నూనె పనిచెయ్యదని?"

పొదుపు మొహం కందిపోయింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. అత్త పొయ్యి మంట తగ్గించింది. తుఫాను తలెత్తి చూశాడు.

"చెప్తే ఆ రోజు మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంటాడు సార్, కథ చెప్పడు," అంది పొదుపు. మేనేజరు గారితో మొదలెట్టిన మాటని మధ్యలో తుఫాను వైపు తిప్పింది. "నువ్వు కథ చెప్పని రోజు నాకు పొద్దు పోదు. నువ్వు రాని రోజైతే అసలు తెల్లారినట్టే ఉండదు. నువ్వంటే నాకిష్టం. ఇన్నాళ్ళూ గీకింది గడ్డి కోసం కాదు."