మొదటి పాఠం తెరవకక్కా

కనీసం ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా! పక్క గదిలోనే ఉన్నాగా నేను. నాకు తెలియకుండా నేను చేసే పనికే అప్లై చేసి, నాకు తెలియకుండా పరీక్ష రాసి, పాసై, ఇప్పుడొచ్చి నా కుర్చీలోనే కూర్చుని, "ఈ మొదటి పాఠం ఎలా తెరవాలే?" అంటావా?

ఆగు, ఆగు! ఆ బటన్ నొక్కకు.

కోపం కాదు. నీ మీద కోప్పడటానికి నాకు మొహం ఎక్కడుంది? హెడ్‌సెట్ ఒక చెవి మీంచి పక్కకి జరుపు. చాలు. ఆ చెవితో నా మాట విను. రెండో చెవితో ఏం వింటావో తర్వాత చూద్దాం.

ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నావు. "ఇంట్లో కూర్చుని చేసుకునే పని, మోసం లేనిది, ఏదైనా చూడవే" అని. నేనేం చూశాను? నువ్వు తెచ్చిన వాటికి వంకలు పెట్టాను. పెన్సిళ్ళు డబ్బాల్లో సర్దే పనన్నావు. ముందు డిపాజిట్ కట్టించుకుని ఆనక ఫోనెత్తరు, వద్దన్నాను. టైపింగ్ పనన్నావు. పేజీలన్నీ కొట్టించుకుని, తప్పులున్నాయని ఎదురు నీ మీదే కేసేస్తామంటారు, వద్దన్నాను. వీడియోలకి లైకులు కొడితే డబ్బులిస్తారట అన్నావు. దానికైతే నవ్వేశాను కూడా.

అవేవీ అబద్ధాలు కావు. అన్నింట్లో మునిగి తేలినదాన్నే నేను. కాలేజీలో ఉండగా మొదటిసారి డిపాజిట్ కట్టింది నీ డబ్బులతోనే, గుర్తుందా? వాళ్ళు పత్తా లేకుండా పోతే నువ్వు తిట్టనైనా తిట్టలేదు. "పోనీలే, మన లెక్కల పిల్లకి కొత్త లెక్క తెలిసింది" అన్నావు. అప్పట్నుంచీ నాదొకటే సూత్రం. మనకి డబ్బులివ్వాల్సిన వాడు మనల్నే డబ్బులడిగాడంటే, అది పని కాదు.

మరి నా పనికి ఎవడూ పైసా అడగలేదు. నెల తిరిగేసరికి ఠంచనుగా జీతం పడుతుంది. నిఖార్సైన పని. అందులో ఇంకా మనుషులు కావాలని వాళ్ళు మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నారు. నువ్వడిగినప్పుడు నేనేమన్నాను? "ఖాళీల్లేవక్కా" అన్నాను.

ఉన్నాయి. మొదట్నుంచీ ఉన్నాయి.

ఎందుకంటే... అబ్బా, అలా చూడకు. కిటికీ వైపు చూడు.

బావ ఎప్పుడూ అంటాడుగా, "మీ చెల్లికి వింటే డబ్బులిస్తారట. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను నీ మాటలు వింటున్నా, టీ డబ్బులైనా రాలేదు" అని! మేమేం వింటామో అతనికీ తెలీదు, నీకూ సరిగ్గా చెప్పలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్లొస్తాయి చూడు, ఆ మాటలు మాకు పంపిస్తారు. మాట్లాడిన అమ్మాయి పలకరించిందా, విసుక్కుందా, రూల్ ప్రకారం చెప్పిందా అని విని మార్కులెయ్యాలి. తప్పు చేసిన చోట గుర్తు పెట్టాలి. అంతే.

నిమిషాల లెక్కన డబ్బులు. నా సంగతి తెలుసుగా! ఒకటిన్నర రెట్ల వేగంతో వింటే రోజు పనికి సగం రోజు పని కలిసొస్తుందని మొదటి పూటే లెక్కేసేశాను. ఆ వేగంలో మనుషులందరూ ఒకేలా ఉంటారక్కా. ఏడ్చేవాళ్ళు కూడా తొందర్లో ఉన్నట్టే వినిపిస్తారు.

పేర్లు చెరిపేసి పంపిస్తారు. గొంతునెలా చెరుపుతారు?

ఒకరోజు మధ్యాహ్నం ఒక కాల్ వచ్చింది. ఎవరో పెద్దావిడ. వాషింగ్ మెషిన్‌లో నీళ్ళు నిండిపోయి, తలుపు రావటం లేదట. మనవరాలి స్కూలు బట్టలు అందులోనే ఉండిపోయాయని ఒకటే గోల. అవతల్నుంచి ఒకమ్మాయి అంటోంది, "కంగారు పడకండి, నేనున్నానుగా."

నేను వేగం తగ్గించాను. మళ్ళీ విన్నాను.

చిన్నప్పుడు మెట్ల మీంచి పడి నా మోకాలు చీరుకుపోతే ఎవరన్నారా మాట? పరీక్ష తప్పి నేను తలుపేసుకుంటే బయట కూర్చుని ఎవరన్నారు? నాకు తెలియని గొంతా అది!

ఆ తర్వాత నువ్వేం చెప్పావో నీకు గుర్తుందా? మెకానిక్‌ని పంపిస్తామని చెప్పి పెట్టెయ్యాలి. మీ కస్టమర్ కేర్ రూలు అదే. మెషిన్ తెరవమని చెప్పకూడదు. కరెంటు ప్రమాదమంటారు. మెకానిక్ గుమ్మం తొక్కితే వచ్చే డబ్బు గురించి మాత్రం ఎవరూ అనరు. నువ్వు ముందు ప్లగ్ తీయించావు. కింద పళ్ళెం పెట్టించావు. "అడుగున చిన్న మూతుంది చూడండి, నెమ్మదిగా తిప్పండి" అన్నావు. మన మెషిన్ మొరాయిస్తే నువ్వు చేసే వైద్యమే! నీళ్ళన్నీ పోయాక ఆవిడ మూతలోంచి హెయిర్‌పిన్ తీసి, "ఇదమ్మా దొంగ!" అంది. ఇద్దరూ ఒకటే నవ్వు.

నేనూ నవ్వానక్కా. ఒట్టు. ఇదే కుర్చీలో కూర్చుని పైకే నవ్వాను.

నవ్వుతూనే గుర్తు పెట్టాను. ఆ మూత అన్న మాట దగ్గర. "రూల్ మీరారు, తీవ్రమైన తప్పు."

ఏం చెయ్యను, మా పనిలో ఒక మెలికుంది. పెద్దవాళ్ళు ముందే మార్కులేసి ఉంచిన కాల్స్‌ని మామూలు వాటిలో కలిపి పంపిస్తారు, మేం సరిగ్గా వేస్తున్నామో లేదో చూడటానికి. దొంగ కాల్స్ అంటాం మేం వాటిని. ఏది దొంగదో తెలీదు. మార్కులు కలవకపోతే పని పోతుంది. నాకిది దొంగ కాలేమోనని భయమేసింది. మా అక్కవని నీ మీద జాలి పడతానేమో చూద్దామని పంపారేమో అనుకున్నాను.

ఏంటా నవ్వు? అవును, సిగ్గులేని సాకే. నువ్వు నాకు అక్కవని వాళ్ళకెలా తెలుస్తుంది? ఈ మాటని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ నీ ముందు చెప్తుంటే నాకే నవ్వొస్తోంది.

నిజం చెప్పనా? గొంతు తెలిసినవాళ్ళదైతే నొక్కడానికి అక్కడో బటన్ ఉంటుంది. "ఈ మనిషి నాకు తెలుసు." నొక్కితే ఆ కాల్ ఇంకొకరికి పోతుంది. అడిగేవాళ్ళుండరు, తిట్టేవాళ్ళుండరు. వాళ్ళు కూడా నీకు తప్పు వేసేవారేమో, వేసేవారు కాదేమో. కానీ అది నొక్కితే మీ కంపెనీ కాల్స్ ఇక నాకు రావు. నాకొచ్చే పనిలో ముప్పావు వంతు మీ కంపెనీదే.

లెక్కేశానక్కా. నీ గొంతు చెవిలో ఉండగానే లెక్కేశాను. పట్టుమని ఒక్క క్షణం పట్టలేదు. లెక్కల్లో నన్ను మించినవాళ్ళు లేరుగా!

ఒక్క గుర్తుకి ఉద్యోగం పీకేస్తారని మాత్రం అనుకోలేదు. మందలిస్తారనుకున్నా. అదైనా నమ్ము.

ఉద్యోగం పోయిన రోజు నువ్వు బ్యాగు సోఫా మీద పడేసి, చెప్పులైనా విప్పకుండా కూర్చున్నావు. "ఎవరో విన్నారటే. ఎవరో మహానుభావులు" అన్నావు. నేను టీ పెట్టిచ్చాను. "ఎవరో గానీ వాళ్ళ చెయ్యి పడిపోను!" అన్నాను. అన్నానా లేదా? నువ్వే నా నోరు మూశావు. "ఛ, అలా అనకే. వాళ్ళదీ ఉద్యోగమేగా" అన్నావు. ఆ టీ నువ్వు తాగావు. నేను తాగలేకపోయాను. చల్లారిపోతోందని నాది కూడా నువ్వే తాగేశావు.

ఇంకా ఉంది. లేవకు, కూర్చో.

నేను గుర్తు పెట్టిన తీరు పై సారుకి తెగ నచ్చేసింది. "ఇంత చక్కగా మాట్లాడే అమ్మాయిలో కూడా తప్పు పట్టుకున్నావు, శభాష్" అని మెసేజ్ పెట్టాడు. ఆ కాల్‌ని తీసుకెళ్ళి కొత్తవాళ్ళ శిక్షణలో పెట్టారు. ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియటానికి సరిగ్గా ఆ చోట బీప్ వినిపిస్తుంది.

అవును. మొదటి పాఠమే.

అందుకే ఖాళీల్లేవన్నాను. అందుకే నువ్వు తెచ్చిన ప్రతి పనీ మోసమేనని తేల్చాను. ఇంట్లో కూర్చుని చేసుకునే అసలైన పని నీకు దొరక్కూడదని రోజూ మొక్కుకున్నాను. నిన్న రాత్రి బావతో "ఈసారి నిఖార్సైనది దొరికింది, ఎవరి సాయం లేకుండా" అని నువ్వు మురిసిపోతుంటే, గోడకి ఇవతల దుప్పటి కప్పేసుకున్నాను.

కావాలంటే ఈ పని మానేస్తాను. ఆ సారుకి రాసేస్తాను, ఆ గొంతు మా అక్కదని. ఏదో ఒకటి అను. తిట్టు. "లెక్కల పిల్లా" అనైనా అను.

అక్కా... ఆ హెడ్‌సెట్ మళ్ళీ ఎందుకు సర్దుకుంటున్నావు? చెప్పేశానుగా అంతా. ఇంకా వినడమెందుకు?

నొక్కేశావా.

సరే, విను. ఒక చెవి వదిలేశావుగా, దానికి నేను వినిపిస్తూనే ఉంటాను. అదిగో, నీ పెదాలు కదులుతున్నాయి. "కంగారు పడకండి, నేనున్నానుగా." ఇప్పుడు ప్లగ్ తీయిస్తావు. తర్వాత పళ్ళెం. ఇప్పుడు ఆవిడ వంగలేక మూలుగుతుంది, నువ్వు "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటావు. తర్వాత ఆ మూత...

ఉలిక్కిపడ్డావు.

ఆ బీప్ నేనే అక్కా.