కమాలుద్దీన్ సాయిబు బాగుచేసిన ఇంజను

ఏందిరా అబ్బయా, పెట్టె అడుగున ఉండే బొమ్మ ఇంజన్ని పైకి లాగినావు? కీ తిప్పబాక. తిప్పినావా? సరే, పోనీలే. చూస్తన్నావు గదా, నాలుగు చుట్లు నున్నగా పోతాది, ఆనేక ఒక్క ఎగురు ఎగురుతాది. లోపల చక్రం పల్లు వంగిపోయుండాది, నెల్లూరులో ఎవరికన్నా ఇచ్చి బాగుచేయిస్తానంటావా? వద్దురా. అది చెడిపోయి అట్టా పోవడంలా. బాగుచేసినాయనే అట్టా చేసి ఇచ్చినాడు. నవ్వబాక, కూర్చో. ఈ మధ్య నాకు రెండు మాటలు చెప్పేసరికే ఆయాసం వస్తా ఉండాది. అయినా చెప్తా. నేను గాకపోతే ఇది చెప్పేదానికి ఇంకెవరూ లేరు.

ఉదయగిరిలో కమాలుద్దీన్ సాయిబని ఉండేవాడు. వాళ్ళది చెక్క చెంచాలు చెక్కే ఇల్లు, ఆయన మాత్రం ఇనుము పట్టుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు బిట్రగుంట రైలు షెడ్డులో ఇంజన్లు తుడిచే పని నాలుగేండ్లు చేసినాడు. వాళ్ళ నాయన పోయినాక ఇంటికొచ్చి, ఇంత చిన్న బంకు పెట్టుకోని పెట్రోమాక్స్ లైట్లు, పంపు స్టవ్వులు, గోడ గడియారాలు బాగుచేసేవాడు. ఉదయగిరికి రైలు లేదు, మన ఆత్మకూరికీ లేదు ఆరోజుల్లో. రైలు చూడాలంటే బస్సెక్కి కావలికి పోవాల. అట్టాంటి ఊళ్ళో కూర్చోని ఈయన బొమ్మరైళ్ళ ఇంజన్లు బాగుచేసేవాడంటే నమ్ముతావా? దొరలు వదిలిపెట్టి పోయినవి, నెల్లూరులో షావుకార్ల ఇళ్ళల్లో అటకలమీద తుప్పు పట్టినవి, ఎవరో ఒకరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాళ్ళు. షెల్ఫులో ఎప్పుడూ మూడు నాలుగు ఉండేవి. గిరాకీ కోసం కాదురా, స్టవ్వుకొచ్చే కూలి గూడా రాదు వాటికి. ఆయన పిచ్చి అది. ఇంజను తెస్తే ముందు విప్పడు. చెవి కాడ పెట్టుకోని, చక్రం వేలితో తిప్పి తిప్పి వింటాడు. ఆనేక విప్పి, కిరసనాయిల్లో నానేసి, యాపపుల్ల నమిలి కుంచె మాదిరి చేసుకోని పళ్ళ సందులన్నీ తోముతాడు. రంగు మాత్రం వెయ్యడు. 'పిలకాయలు గీకిన గీతలు ఉండనీ అయ్యవారూ, అవి పోతే వాళ్ళు గుర్తుపట్టరు' అనేవాడు. నేను ఇస్కూల్లో కొత్తగా చేరినాను గదా, నన్ను అయ్యవారూ అనేవాడు, నాకంటే ఇరవై ఏండ్లు పెద్దోడైనా.

ఈ ఇంజను మా పెద్దమ్మది, రెబెకమ్మది. నువ్వు చూళ్ళేదులే ఆమెను. చిన్నప్పుడు ఉదయగిరిలో మిషను దొరల బంగళాలో ఆయాగా ఉన్నింది. దొరకు ఒక్కడే కొడుకు, జానీబాబు. ఆ పిలకాయని సంకనేసుకోని పెంచింది ఈమే. ఈ ఇంజను వాడిది. వరండా మెట్ల మీదనించి కింద పడేసినాడంట, అప్పుడు లోపల పల్లు ఒకటి వంగి, ఎగరడం మొదలుపెట్టింది. అది ఎగిరినప్పుడల్లా వాడు పడీ పడీ నవ్వేవాడంట. ఆరేండ్లకే విషజ్వరం వచ్చి పోయినాడు పాపం. బంగళా యెనకాలే పూడ్చినారు. దొర, దొరసాని వాళ్ళ దేశం పోయేటప్పుడు ఇంజను ఈమె చేతిలో పెట్టి పోయినారు. మా పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. ప్రతి క్రిస్మస్‌కీ దీనికి కీ ఇచ్చి, ఆ ఎగురు విని, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేది. డెబ్బై నాలుగులోనో ఐదులోనో స్ప్రింగు తెగిపోయింది. తర్వాత ఆమె కళ్ళకు పొరలొచ్చి చూపూ పోయింది. ఉదయగిరిలో ఒక్కతే ఎట్టా ఉంటాదని మా ఇంటికి తెచ్చి పెట్టుకున్నాం. 'రేయ్ యేసురత్నం, చచ్చిపోయేలోపల ఒక్కసారి దాని చప్పుడు వినిపించరా' అని ఒకటే పోరు.

అట్టా డెబ్బై తొమ్మిదిలో తీసకపోయి కమాలుద్దీన్ చేతిలో పెట్టినాను. స్ప్రింగు మార్చమన్నాను, అంతే. ఆ ఎగురు సంగతి చెప్పాలని నాకు తట్టలేదురా. తప్పంతా ఆడ మొదలైంది. నెలకు పోతే ఇంజను చేతికిచ్చినాడు. గడియారం స్ప్రింగు వేసినాడు, వంగిన పళ్ళ చక్రం తీసేసి ఇంకో చక్రం అరగదీసి కూర్చినాడు. బండమీద వదిలితే ఏముండాది, నూనె మీద జారినట్టు పోయింది. ఆయన మొహం చూడాల ఆరోజు. తెగిన స్ప్రింగు, వంగిన చక్రం కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, 'అమ్మకు ఇయ్యండి' అన్నాడు. రిపేరు చేసేవాళ్ళ పద్ధతి అది, నీకు తెలియదు. స్టవ్వులో వాషరు మార్చినా సరే, పాతది గిరాకీ చేతిలో పెట్టాల. నీ సొత్తు నేను మార్చలేదు, దొంగిలించలేదు అనేదానికి సాక్ష్యం అదే.

నేనేం చేసినాను? పొట్లాన్ని చొక్కా జేబులో పెట్టుకోని బస్సెక్కినాను. వింజమూరు దాటినాక చూసుకుంటే తెల్లచొక్కా మీద ఇంత నూనె మరక. రేపే ఇస్కూలుకు ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఉండేదే రెండు చొక్కాలు. ఒళ్ళు మండి, పొట్లాన్ని కిటికీలోనించి బయటికి విసిరేసినాను. తుప్పుముక్కలు, ఏం చేసుకుంటాం అనుకున్నాను. అంతేరా నేను చేసింది. ఒక చొక్కా కోసం.

ఇంటికొచ్చి కీ ఇచ్చి వదిలినాను. మా పెద్దమ్మ గోడకానుకోని, తల పక్కకు వంచి విన్నాది. అది గోడదాకా పోయింది, నున్నగా. మళ్ళీ తిప్పరా అన్నాది. మళ్ళీ తిప్పినాను. మూడోసారి గూడా విని, 'ఇది మా బాబుది కాదు' అన్నాది. 'సాయిబు మార్చేసినాడు. మంచిది పెట్టుకోని ఇంకోటేదో ఇచ్చినాడు.' చక్రం మార్చినాడు పెద్దమ్మా, అందుకే ఎగరడంలా అని చెప్పినాను. ఊఁ అన్నాది. 'మారిస్తే పాత చక్రం యాడ? పొయ్యి బాగుచేసేవాడు గూడా పాతది ఇస్తాడే!' ఆడే చెప్పేసి ఉంటే పోయేది, పారేసినాను పెద్దమ్మా అని. నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. మా పెద్దమ్మ నోటికి ఊరంతా హడలు, నాకు గూడా. 'ఏమో' అన్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను.

ఆదివారం చర్చిలో ఆడోళ్ళందరికీ చెప్పింది. చర్చిలో చెప్పిందంటే ఇంక దండోరా వేసినట్టే. పదిరోజుల్లో మాట ఉదయగిరికి పోయింది. ఆయన షెల్ఫులో ఉన్న ఇంజన్లు, బాగుచేయకుండానే, ఎవరివి వాళ్ళు వచ్చి పట్టుకపోయినారు. ఒకడైతే బంకు ముందర నిలబడి, ఇంజను ఆపక్కా ఈపక్కా తిప్పి తిప్పి చూసుకోని పోయినాడంట, 'ఇది మాదేనా సాయిబూ?' అని. స్టవ్వులు మాత్రం వస్తానే ఉన్నాయి. స్టవ్వును ఎవరు మారుస్తారు?

కమాలుద్దీన్ బస్సెక్కి మా ఇంటికే వచ్చినాడు. అరవలేదు, తిట్టలేదు. తుండుగుడ్డతో మొహం తుడుచుకోని, 'అయ్యవారూ, పాత చక్రం మీ చేతికి ఇచ్చినాను గదా, అమ్మకు చెప్పండి' అన్నాడు. వాకిట్లో పక్కింటి ఓబమ్మ ఉండాది, ఎదురింటోళ్ళు ఉండారు, మా పెద్దమ్మ చెవులు రిక్కించుకోని ఉండాది. నా నోట్లోనించి వచ్చిన మాట ఏందో తెలుసా? 'ఇచ్చినావేమో సాయిబూ, నాకు గుర్తులేదు.' ఇదే మాట. పిలకాయలకు నీతిపాఠాలు చెప్పే నోటితోనే చెప్పినాను.

ఆయన మా పెద్దమ్మ ముందర గొంతుక్కూర్చోని, 'అమ్మా, అది ఎట్టా పోయేదో నోటితో చెప్పు' అన్నాడు. ఆమె చెప్పింది. గిర్ గిర్ గిర్ గిర్... టకుక్! ఆయన కళ్ళు మూసుకోని విన్నాడు. 'ఎగిరి కుడిపక్కకా, ఎడమపక్కకా?' 'కుడిపక్కకు.' 'నాలుగు చుట్లకా, ఐదుకా?' 'నాలుగుకు.' మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పింది. ఒకరు దొంగ అన్నోళ్ళు, ఇంకొకరు అనిపించుకున్నోళ్ళు మాదిరి లేరురా ఇద్దరూ. ఇంజను తీసకపోతానన్నాడు. 'తీసకపో, అది నాది కాదు గదా' అన్నాది.

మూడు నెలలు పట్టింది. పాతదాన్ని కొత్తది చెయ్యడం ఆయనకు చేతనవును. బాగున్నదాన్ని అదేమాదిరిగా చెడగొట్టడం అంత సులభం కాదంట. పల్లు కొంచెం ఎక్కువ వంచితే నిలబడిపోతాది, తక్కువైతే ఎగరదు. ఐదు చక్రాలు పాడుచేసినాడని ఆయన భార్య జైతూన్‌బీ చెప్పింది నాకు, తర్వాత. దీపావళి ముందు తెచ్చినాడు. ఆయనే కీ ఇచ్చి గచ్చు మీద వదిలినాడు. గిర్ గిర్ గిర్ గిర్, టకుక్, కుడిపక్కకు. మా పెద్దమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకోనింది. చూపులేని కళ్ళల్లోనించి నీళ్ళు ధారగా కారిపోయినాయి. 'ఇదే. ఇదే మా బాబుది' అన్నాది. కమాలుద్దీన్ మొహం విప్పారింది, ఒక్క క్షణం. ఆనేక ఆమె ఇంజన్ని రొమ్ముకు హత్తుకోని, నా వైపు తిరిగి చెప్పింది, 'చూసినావా యేసురత్నం, నలుగురూ ఛీ అనేసరికి భయపడి, దాచుకున్నదాన్ని తెచ్చి ఇచ్చేసినాడు. ప్రభువు వాడికి బుద్ధి ఇచ్చినాడు, పోనీ, క్షమించేసినాను.'

ఇంజను అడుగున ఆ పల్లు మీద కొత్త ఆకురాయి గీతలు తళతళా మెరస్తా ఉండాయిరా. నాకు కనిపిస్తానే ఉండాయి. ఆయన నన్ను చూసినాడు. నేను టీ తెస్తానని లోపలికి పోయినాను. గ్లాసు పట్టుకోని వచ్చేసరికి ఆయన లేడు.

ఎనభై నాలుగులో పోయినాడు. పెద్దమ్మ అంతకుముందే పోయింది, ఇంజను పక్కన పెట్టుకోని, సంతోషంగానే. నేను ఉదయగిరి పోయినాను. ఖననం అయిపోయింది, వాకిట్లో చాప మీద నలుగురు కూర్చోనుండారు. జైతూన్‌బీ లోపలినించి వచ్చి నన్ను గుర్తుపట్టి, కుర్చీ వెయ్యమనింది. తిడతాదనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. 'మీ పేరు ఎప్పుడూ చెప్పేవాడు అయ్యవారూ' అన్నాది. 'ఊరు ఏమన్నా అనుకోనీ, నేను దొంగను కానని ఆత్మకూరు అయ్యవారికి తెలుసు, ఒక్కరికి తెలిస్తే చాలు అనేవాడు' అన్నాది. నిజమే గదా, తెలుసు. తెలుసురా నాకు...

...ఊఁ. నువ్వు కావలి బస్సుకు పోవాలన్నావు గదా, ఇంకా ఈడే కూర్చోనుండావేందిరా? లెయ్, లెయ్.