కుంటి మోటారు తాళం

"పిల్లికి థాంక్స్ చెప్పారయ్యా! ఆల్బమ్ కవర్ వెనకాల, పిల్లికి!"

వైండింగ్ మామ టీ గ్లాసును బల్ల మీద ఠక్కున పెట్టాడు. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం ఆయన పని. ఆయన షెడ్డుకి ఆనుకుని ఉన్న గదిలో ఇద్దరు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. ఒకడు గిటారు, వేణువు వాయిస్తాడు. రెండోవాడు డ్రమ్స్, కీబోర్డు. వాళ్ల మొదటి ఆల్బమ్ ఆ సాయంత్రమే పక్కవీధి హాల్లో విడుదల; పాటలూ కవరూ మామ ఇంటికి ముందే పంపారు. తన పేరు ఎందుకు వేయలేదో వేదికెక్కి అందరిముందూ అడుగుతానని మామ ఇంట్లో చెప్పి మరీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన బామ్మర్ది బెంచీ చివర చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం పాటలు మామా అవి?" అన్నాడు టీకొట్టాయన.

"ప్రోగ్రెసివ్ రాక్ అంటారులే. పాట ఓ దారిన బయల్దేరుతుంది, మధ్యలో ఇంకో ఊరెళ్లిపోతుంది, తిరిగొచ్చేసరికి దాని ఇల్లు అమ్ముడైపోయి ఉంటుంది. పైగా వీళ్లిద్దరికీ ఏదీ పారేయడం తెలీదు. మైకు తెరిచిపెట్టి వాయిస్తారు. మధ్యలో కుక్కర్ కూస్తే అదీ పాటలోనే, పిల్లి అరిస్తే అదీ పాటలోనే. అలాంటివాళ్లు తాళం ఇచ్చినవాణ్ని మాత్రం పారేశారు!"

"తాళం నువ్విచ్చావా?" అన్నాడు దర్జీ, మెడలో టేపు సర్దుకుంటూ.

"నేనే ఇచ్చా. నా షెడ్డులో బేరింగ్ పోయిన మోటారొకటి ఉందిగా, కుంటిది? టక్ టక్ టక్ టక్ టక్ అని కొట్టుకుని ఓ దెబ్బ మింగేస్తుంది. ఆ ఇద్దరూ గోడకి చెవులానించి విన్నారు. మామా, ఈ మోటారు బాగుచేయొద్దు, మా పొడుగుపాట దీని మీదే నడుస్తుంది అని చేతులు పట్టుకున్నారు. సరే పోనీ, పిల్లలు కదా అని ఊరుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్తేగా తెలిసేది."

"గిటారు మూగబోయింది. తీగల కింద చిన్న డబ్బా ఉంటుంది, అందులో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ. అది తెగింది. ఒకడు ఏడుపు, ఇంకొకడు వాణ్ని ఓదార్చడం. ఇలా తే అన్నా. నా దగ్గర సన్నతీగ లేదు, లిఫ్ట్ మోటారుకి తెచ్చిన తీగ ఉంది. అదే చుట్టా. వాడు ఒక్క మీటు మీటాడు చూడు, నా స్పానర్లు గోడ మీంచి లేచి వెళ్లి గిటారుకి అతుక్కున్నాయి! ఎదురు మేడలో లిఫ్టు ఎవరూ బటన్ నొక్కకుండానే డాబా మీదికి ఎక్కి కూర్చుంది! దర్జీ, నిజం చెప్పు, ఆ రోజు నీ సూదులు పోయాయా లేదా?"

"నా సూదులు రోజూ పోతాయి."

"అదిగో, సాక్షి కూడా ఉన్నాడు! ఇక రెండో మీటుకి ఊళ్లో ఫ్యాన్లన్నీ నా కుంటి మోటారులాగే తిరిగాయి, ఐదు దెబ్బలు కొట్టి ఒకటి మింగడం. కరెంటాఫీసు పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి, నాయనా, నీకు దణ్ణం పెడతా, కాస్త వదులుగా చుట్టు అన్నాడు. ఇంతలో పైన విమానం పోతోంది..."

"దాన్నీ లాగేశావా?"

"లాగలేదయ్యా, నేనేమన్నా దుర్మార్గుణ్నా? నిలబెట్టానంతే. పాటయ్యేదాకా నా రేకుల షెడ్డు మీద కదలకుండా నిలబడింది. పైలట్ కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంత గొప్ప పాటకి తాళం ఎవరిదండీ అని అరిచాడు. ఆ ఇద్దరూ నా వైపు చెయ్యి చూపించారు. ఆకాశంలో వాడికి చెప్పినవాళ్లు కవర్ మీద ఎందుకు చెప్పరు? ఇవాళ వాళ్లో నేనో తేలిపోవాలి!"

బామ్మర్ది ఇయర్‌ఫోన్లు తీశాడు.

"బావా, పొద్దుట్నుంచీ వాళ్ల ఆల్బమే వింటున్నా. పొడుగుపాట నడుస్తోంది. నీ మోటారు ఉంది."

"విన్నారా!"

"నువ్వూ ఉన్నావు."

మామ బామ్మర్ది వైపు తిరిగాడు. ఇస్త్రీ చొక్కా కాలర్ తడుముకున్నాడు. "నేనా? ఎక్కడ?"

బామ్మర్ది ఫోన్ బల్ల మీద పెట్టి సౌండ్ పెంచాడు. గోడవతల నుంచి వచ్చినట్టుగా మోటారు కొట్టుకుంటోంది. దాని మీద డ్రమ్స్, ఆ పైన గిటారు. గిటారు శబ్దానికి బల్ల మీది చెంచా కదల్లేదు. తర్వాత అన్నీ తగ్గి వేణువు ఒక్కటే మిగిలింది. టీకొట్టాయన స్టవ్ మంట తగ్గించాడు.

దభదభమని తలుపు బాదిన చప్పుడు. వెంటనే గొంతు:

"ఒరేయ్, ఆపండ్రా ఆ దిక్కుమాలిన గోల! పక్కన మనుషులున్నారనుకున్నారా, గోడలున్నాయనుకున్నారా? పోలీసుల్ని పిలవనా?"

తలుపు ఇంకోసారి మోగింది. అదే ఊపు అందుకుని డ్రమ్స్ మళ్లీ మొదలయ్యాయి.

దర్జీ టేపుతో నోరు మూసుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"గొంతు మాత్రం బాగా వచ్చింది మామా," అన్నాడు టీకొట్టాయన.

"వాళ్లు ఏదీ పారేయరన్నావుగా బావా," అన్నాడు బామ్మర్ది. "హాల్లో అందరికీ ఇదే వినిపిస్తారు. వేదికెక్కి నోరు విప్పావంటే గొంతు గుర్తుపడతారు. నిన్ను ఎలాగైనా ఆపమని అక్క నన్ను పంపింది."

మామ ఫోన్ వైపు వంగి, పాటను వెనక్కి జరపమన్నాడు. మళ్లీ విన్నాడు. తలుపు దగ్గర ఒకసారి, గొంతు దగ్గర ఇంకోసారి తల ఊపాడు. పోలీసుల మాట దాటాక ఆయన ముఖం ఎర్రబడింది.

"సగమే!" అన్నాడు లేచి. "తిట్టింది సగమే పెట్టారు! ఆ రోజు నేను వాళ్ల తాతముత్తాతల దాకా వెళ్లాను. మిగతాదంతా ఏదీ?"

చొక్కా ముడతలు దులుపుకుని హాలు వైపు నడిచాడు.